పత్తి ఏరడానికి సెలవు

నేను పదవీ విరమణ చేసి రెండేళ్లయింది. ఈమధ్య మా కాలేజీ పిల్లలు నలుగురు ఇంటికి వచ్చి, వాళ్ల వార్షిక సంచికకు ఏదైనా రాసిమ్మని అడిగారు. "మేడం, మీ స్టూడెంట్లల్ల మంచిగ పైకొచ్చినోళ్ల గురించి రాయున్రి" అన్నారు. పైకొచ్చిన వాళ్ల సంగతి వాళ్లే రాసుకుంటున్నారు, ఫోన్ తెరిస్తే చాలు. నేను మాత్రం నా పరువు పోయిన సంగతి రాస్తాను. డిజైన్ చదువుతున్న మీకు అదే ఎక్కువ పనికొస్తుంది. పనికి రాకపోయినా, మీ మేడం ఎంత మొండిదో తెలుసుకొని నవ్వుకోవచ్చు.

కరీంనగర్‌లో క్రియేటివ్ డిజైన్, ఆంట్రప్రెన్యూర్‌షిప్ అని రెండేళ్ల పీజీ కోర్సు మొదలుపెట్టినప్పుడు, ఆ పేరేమిటో తల్లిదండ్రులకు విప్పి చెప్పడానికే నాకు పొద్దంతా సరిపోయేది. సుల్తానాబాద్ నుంచి వచ్చిన ఒక తండ్రి ఓపిగ్గా అంతా విని, "అంటే బొమ్మలేసుడా మేడం, దుకాణం వెట్టుడా?" అని అడిగాడు. రెండూ అన్నాను. "రెండిటికి కలిపి రెండేండ్లేనా? అయితే మంచిగనే ఉన్నది" అని కొడుకును అప్పుడే చేర్చేశాడు. అట్లా మా మొదటి బ్యాచ్‌లో బీకాం వాళ్లు, సివిల్ ఇంజనీర్లు, హోంసైన్స్ పిల్లలు, ఏం చేయాలో తోచక వచ్చిన వాళ్లు అందరూ కలిశారు. నాకు ప్రతి ఒక్కరి మీదా ప్రేమే. కానీ నా ప్రేమ ఎక్కువగా అరుపుల రూపంలో బయటికి వచ్చేది. రెండో అంతస్తులో నేను మాట్లాడితే కింద క్యాంటీన్‌లో చాయ్ తాగేవాళ్లు తలెత్తి చూసేవారు.

రెండో ఏడు ప్రతి ఒక్కరూ ఒక వస్తువు తయారుచేయాలి. దాన్ని అవసరమున్న పదిమంది చేతిలో పెట్టాలి. ఒక సీజనంతా వాడించి, వాళ్లేమన్నారో రాసుకొని రావాలి. చుట్టాలు లెక్కలోకి రారు. ఈ నియమం నేనే పెట్టాను. పెట్టినందుకు గర్వపడేదాన్ని కూడా.

నేను చెప్పబోయే అమ్మాయిది ఆదిలాబాద్ దాటినాక, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర్లో ఒక పల్లె. బీఎస్సీ చేసి వచ్చింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పత్తి ఏరే కూలీల ముఠాకు పెద్ద. ఆమెతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు, అందరూ ఆమె మాట మీద నడిచేవారు. ఏ రైతు చేనుకు ఏ రోజు పోవాలన్నది ఆమె తేల్చేది. పత్తి కాలంలో ఆ నాలుగు నెలల పనే ఆ పన్నెండు ఇళ్లకూ ఏడాదంతటికీ ఆసరా. కూతురేమో క్లాసులో చివరి వరసలో కూర్చునేది. ఎప్పుడు ఏమడిగినా "సరే మేడం" అనేది. కుట్టు వర్క్‌షాప్‌లో మాత్రం మా టైలర్ మాస్టర్ పక్కన గంటలు గంటలు కూర్చొని, ఆయన చేతుల వంక చూస్తూ ఉండేది.

ఆమె ఎంచుకున్న పని పత్తి ఏరేవాళ్లకు సంచి. అక్కడి ఆడవాళ్లు పాత చీర ముక్కను ఒడిలా కట్టుకుంటారు. రెండు కొసలు నడుముకు, రెండు కొసలు మెడ వెనక. ఏరిన పత్తి అందులో వేసుకుంటూ పోతారు. ఒడి నిండేకొద్దీ బరువంతా మెడ మీది ముడి మీద పడుతుంది. తల్లిని ఆ పిల్ల 'అవ్వ' అంటుంది; ఆ అవ్వ మెడ మీద ముడి ఒరిసి కాయకట్టి నల్లగా ఉండేదట. ఈ పిల్ల బరువును రెండు భుజాలకు, నడుముకు పంచేలా వెడల్పాటి పట్టీలు కుట్టి, కింద ముడి విప్పితే పత్తి జారిపడేలా కోరాగుడ్డతో ఒక సంచి చేసి తెచ్చింది.

నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్ల కొత్తదేమున్నది? గుడ్డ సంచి ఎవరైనా కుడుతరు" అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ సంచి బాగుంది. కానీ ఆ ఏడాది బయటి నుంచి పరీక్షకులు వస్తున్నారు. వాళ్ల ముందు పెట్టడానికి నాకొక కథ కావాలి. అంతలో నా కన్ను వర్క్‌షాప్ మూల పడి ఉన్న యూరియా బస్తాల మీద పడింది. పారేసే బస్తాను కడిగి సంచి చేస్తే! చెత్త నుంచి వస్తువు, రైతు బస్తా మళ్లీ రైతు చేనుకే. నా ఆలోచనకు నేనే మురిసిపోయి అందరినీ పిలిచి మరీ చెప్పాను. ఆ అమ్మాయి మొదటిసారి "సరే మేడం" అనలేదు.

"బస్తా పోగులు పత్తిల కలుస్తయి మేడం. మిల్లుల వట్టుకుంటరు."

"అంచులు కాల్చి మడిచి కుడితె పోగులెట్ల లేస్తయి? భయపడుడు ఆపి పని చెయ్యి."

టైలర్ మాస్టర్ మెషీన్ ఆపి నా వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లు బట్టలు కుట్టి, వయసు మళ్లాక మా దగ్గర చేరిన మనిషి. "మేడం, బస్తాకు భరోసా లేదు. పిల్ల చెప్పేది జర ఇనున్రి" అన్నాడు. "మాస్టర్, మీరు కుట్టుడు చూడున్రి, డిజైన్ నేను చూస్త" అన్నాను. ఆయన మళ్లీ తల వంచుకొని మెషీన్ తొక్కడం మొదలుపెట్టాడు. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సంచులు చూడ్డానికి ఎంత బాగా వచ్చాయని! సగం చెరిగిన అక్షరాలు, ఎర్రటి పట్టీలు. వర్క్‌షాప్‌లో ఫ్యాన్ కింద నిలబడి, దిండులోని దూది నింపి, తీసి, మళ్లీ నింపి పరీక్ష చేశాం. ఒక్క పోగు లేవలేదు. కాలేజీ బ్రోచర్ మీద ఆ సంచి ఫొటో వేయించాను. దసరా తర్వాత ఆ అమ్మాయి పన్నెండు సంచులు పట్టుకొని ఊరికి వెళ్లింది. తల్లిని లెక్కలోంచి తీసేసినా పదకొండు మంది ఉన్నారని నేనే ఉదారంగా ఒప్పుకున్నాను. వారం తిరక్కుండా ఫోన్ చేసింది, "మెడలు నొస్తలెవ్వంట మేడం" అని. ఆ మాటను స్టాఫ్ రూంలో అందరికీ రెండుసార్లు వినిపించాను.

ఇంకో వారానికి, నేను క్లాసులో ఉండగా మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"మేడం, జిన్నింగ్ మిల్లుల మా రైతు బండి ఆపిన్రు. పత్తిల బస్తా పోగులు ఎల్లినయి."

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు బయలుదేరాను. ఎందుకోగాని టైలర్ మాస్టర్ నేను పిలవకుండానే బస్టాండుకు వచ్చి, రెండు టికెట్లు తీసుకొని నిలబడి ఉన్నాడు. దారిలో ఆయన 'నేను చెప్పినట్టే అయింది గదా' అని ఒక్క మాట అని ఉంటే నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆదిలాబాద్‌లో, పత్తి నుంచి గింజలు వేరుచేసే ఆ జిన్నింగ్ మిల్లు ఆవరణ నిండా పత్తి కుప్పలే. ఒక మూల ఆటో ట్రాలీ, దాని పక్కన నేల మీద ముఠా ఆడవాళ్లు, కొంచెం దూరంగా చేను గల రైతు. మిల్లు సూపర్‌వైజర్ పని వాళ్లతో మరాఠీలో ఏదో చెబుతున్నవాడల్లా మమ్మల్ని చూసి ఇటు వచ్చాడు. కోపం లేదు. చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"మేడం, కాపూస్, గదే పత్తి, మంచిగున్నది, తడి లేదు. గని గిది సూడున్రి." పత్తిలోంచి సన్నటి తెల్లటి ప్లాస్టిక్ పోగు ఒకటి లాగాడు. పత్తి రంగే. చూపిస్తే తప్ప నాకు కనబడలేదు. "గిది మిషన్ల పోతె ముక్కముక్కలైతది. బేలు కట్టినంక ఇగ ఎవ్వలు ఏరలేరు. దారం తీసి, బట్ట నేసి, రంగేసినప్పుడు దీనికి రంగు పట్టది. బట్టంత ఖరాబు. పేరు మా మిల్లుది పోతది. ఏరి ఇస్తె తీస్కుంట, లేకుంటె వాపస్."

సంచిని చేతిలోకి తీసుకొని చూస్తే సంగతి అర్థమైంది. మేము కాల్చి మూసిన అంచులు అట్లాగే ఉన్నాయి. ఎండిన పత్తికాయ మొనలు రాసుకొని రాసుకొని, బస్తా నడిమధ్యలో అంతా చీకిపోయి పోగులు లేచాయి. మేము దిండులోని దూదితో పరీక్ష చేశాం. దిండులో కాయలుండవు.

రైతు ముఠా పెద్దతో నెమ్మదిగా అన్నాడు. "నిన్ను పదేండ్ల సంది పిలుస్తున్న. ఎన్నడు చేతి తప్పు చూడలే. ఇగ పిలువాల్నంటె భయమైతుంది." ఆయన పిలవకపోతే ఆ ఊళ్లో మిగతా రైతులూ పిలవరు. పత్తి కాలం ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది. పన్నెండు మందీ ఎవరి వంకా చూడకుండా, గుడ్డలు పరిచి, ట్రాలీలోంచి పత్తి దించుకొని, పోగులు ఏరడానికి కూర్చున్నారు. నేను, మాస్టర్, ఆ అమ్మాయి కూడా కూర్చున్నాం.

మధ్యాహ్నం దాటాక తల్లి తలెత్తకుండానే నాతో అన్నది. "నిన్నటి సంది తిడుతున్న మేడం దీన్ని. పత్తిల పుట్టి పత్తిల పెరిగిన పిల్ల, బస్తాతోని సంచి కుడుతదా? ఎవ్వలు చెప్పిన్రే అంటె, నేనే అనుకున్న అవ్వ అంటది."

నేను అమ్మాయి వైపు చూశాను. వద్దన్నట్టు తల కొద్దిగా ఊపింది. నా పరువు కాపాడుతోందనుకున్నాను. నాకు గుండె నిండిపోయింది. ఈ పిల్ల ముందు నేను చిన్నదాన్ని కాకూడదని, నిజం ఒప్పుకుంటే పెద్దరికం నిలబడుతుందని కూడా లోపల ఎక్కడో అనుకున్నాను.

"తప్పు నీ బిడ్డది కాదమ్మా. అది గుడ్డతోనే కుట్టింది. బస్తాతోని కుట్టుమన్నది నేను. పోగులు లేస్తయని అది చెప్పింది, నేను ఇనలే."

అందరి చేతులూ ఆగాయి. తల్లి నన్ను నిదానంగా చూసింది.

"నువ్వు ఎప్పుడన్న పత్తి ఏరినవా మేడం?"

"లేదు."

"మిల్లు చూసినవా?"

"ఇయ్యాలనే చూస్తున్న."

"ఊఁ" అన్నది. అంతే, మళ్లీ పత్తిలోకి వంగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

పొద్దు వాలే వేళకు పని అయింది. సూపర్‌వైజర్ కుప్పలో నాలుగు చోట్ల చేయి పెట్టి పిడికెడు పిడికెడు తీసి, వెలుతురుకు పట్టి చూశాడు. తల ఊపాడు. రైతు గట్టిగా ఊపిరి వదిలి, "ఎల్లుండి రాండ్రి. గని గా సంచులు నా చేన్ల కనవడొద్దు" అన్నాడు. ఆడవాళ్లు లేచి నడుములు సరిచేసుకొని, ఒకరి తలలోని పత్తి ఒకరు దులుపుకుంటూ నవ్వుకున్నారు. అంతా గట్టెక్కిందనుకొని నేనూ నవ్వాను.

అప్పుడు తల్లి కూతురుతో, నాకు వినబడేటట్టే అన్నది. "ఇగ నువ్వు కరీంనగర్ పోయేది లేదు."

ఆ అమ్మాయి నల్లా దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంటున్నట్టు నిలబడి ఏడ్చింది. నేను వెనకే వెళ్లాను.

"గందుకే చెప్పొద్దన్న మేడం. తప్పు నాదంటె తిట్టి ఊకుంటది. తప్పు మీదంటె, గా సదువే వద్దంటది. నాకు ఎర్క మా అవ్వ సంగతి."

నన్ను కాపాడుతోందని మురిసిపోయాను గదా, ఆ పిల్ల కాపాడుకుంటున్నది తన చదువును. నేను గొప్ప నిజాయతీపరురాలిలా దాన్ని తీసుకెళ్లి తల్లి చేతిలో పెట్టాను. డిగ్రీ చేతికి రావడానికి ఇక ఐదు నెలలే ఉంది.

తల్లి దగ్గరికి వెళ్లి నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. ఐదు నెలలే అన్నాను, తెలివైన పిల్ల అన్నాను, సొంతంగా యూనిట్ పెట్టుకోవచ్చు అన్నాను. అడ్మిషన్ల వేళ వందసార్లు చెప్పిన మాటలే. ఆమె అంతా విన్నది.

"నా బిడ్డ తెలివైనదని నాకు ఎర్కనే మేడం. పత్తి తెల్వనోళ్ల కాడ పత్తి సంచి కుట్టుడు నేర్సుకునుడు, గదేం సదువు?"

ముప్పై ఏళ్లుగా ఎంతోమంది పెద్ద మనుషులు నన్ను ఎన్నో ప్రశ్నలు అడిగారు. ప్రతిదానికీ ఏదో ఒక జవాబు చెప్పి నెగ్గుకొచ్చాను. ఈసారి మాత్రం, "అయితే నాకు నేర్పు" అన్నాను.

"ఏంది?"

"పత్తి ఏరుడు. నువ్వు చాలన్నదాక ఏరుత. అప్పటికి కూడ పంప అంటె, మళ్ల అడుగ."

ఆమె నా చెప్పులు, నా చేతిసంచి, నా కళ్లద్దాలు అన్నీ చూసింది. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఎల్లుండి మంచు ఇడువంగనే చేన్ల ఉండాలె" అన్నది.

ప్రిన్సిపాల్‌కు ఫోన్లోంచే సెలవు చీటీ పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "మేడం, కారణం కాడ పత్తి ఏరుటకు అని రాసిన్రు. ఫీల్డ్ వర్క్ అని రాయున్రి, బాగుంటది." బాగుండడం కోసం చేసిన పనులు ఈమధ్య ఎక్కువయ్యాయి సార్, అదే ఉండనివ్వండి అన్నాను. టైలర్ మాస్టర్ ఆ పన్నెండు సంచుల పట్టీలు అక్కడే విప్పి మూట కట్టుకొని కరీంనగర్ బస్సెక్కాడు. ఎక్కేముందు ఆ అమ్మాయిని పిలిచి, "కోరాగుడ్డే గదా బిడ్డా?" అని అడిగాడు. ఆ పిల్ల "అవును మాస్టర్. దారం కూడ నూలుదే వాడున్రి, నైలాన్ వద్దు" అన్నది.

చేనులో మొదటి రోజు తల్లి నాకు పాత చీర ఒడే కట్టింది. మధ్యాహ్నానికి నా మెడ విరిగిపోతుందనిపించింది. కాయ మొనలు గుచ్చుకొని వేళ్ల చివర్లు మండాయి. ఎండుటాకు అంటకుండా పత్తిని మాత్రమే తీయడం ఎంత పనో, రెండు చేతులూ ఒకేసారి ఆడించడం ఎంత పనో అప్పుడు తెలిసింది. నా పక్క సాలులో ఆడవాళ్లు ఎప్పుడో చివరికి వెళ్లి తిరిగి వస్తుంటే, నేను మధ్యలోనే ఉండేదాన్ని. "మేడం, మా ఊరి పత్తి మల్లచ్చే ఏడుదాక ఆగది" అని ఎగతాళి చేసేవారు. ఆ అమ్మాయి వాళ్లింట్లోనే ఉన్నాను. రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, నా మెడకు తల్లే వేడి నూనె రాసింది. ఆ చేతులు ఎంత గరుకో అంత మెత్తన అనిపించి, నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

నాలుగో రోజు మాస్టర్ కుట్టి పంపిన గుడ్డ సంచులు బస్సు పార్శిల్లో వచ్చాయి. నేను ఒకటి వేసుకొని సాలులోకి దిగాను. మెడ మీద బరువు లేదు. ఆ పిల్ల మూడు నెలల క్రితం నా బల్ల మీద పెట్టిన వస్తువు ఇదేనని, దీన్నే నేను గుడ్డ సంచి అని తీసిపారేశానని, నా భుజాలకు తెలిసింది. రైతు వచ్చి సంచిని లోపలా బయటా తడిమి చూసి, పోగు లాగి నలిపి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఏమీ అనకపోవడమంటే సరేనని తల్లి చెప్పింది. ఆ ధైర్యంతో నేను పాత అలవాటు మానుకోలేక, "ఇక్కడ ఒక చిన్న జేబు పెడితె..." అని మొదలుపెట్టాను. సాలు సాలంతా నవ్వింది. "మేడం మల్ల షురూ చేసింది!" తల్లి కూడా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఏమైందని మీరు అడుగుతారు. ఆ అమ్మాయి పాసైంది. ప్రాజెక్టు రిపోర్టులో బస్తా సంగతంతా దాచకుండా రాయించి, కింద అది నా నిర్ణయమేనని రాసి సంతకం పెట్టాను. బ్రోచర్ మార్పించాను. ఆమె ఇప్పుడు ఆదిలాబాద్‌లో ఎనిమిది మెషీన్లు పెట్టుకొని, చేను పనివాళ్లకు కావలసినవి కుట్టిస్తోంది. మా మాస్టర్ మా దగ్గర మానేసి అక్కడ చేరాడు. ఇవన్నీ తర్వాతివి. చేనులో ఉన్నప్పుడు ఇవేవీ నాకు తెలియవు. రేపైనా చాలంటుందా అనదా అన్నదొక్కటే నా బెంగ. కూతురు కూడా రోజూ సాయంత్రం తల్లి మొహం వంక చూసి, పొయ్యి దగ్గరికి వెళ్లేది.

ఎనిమిదో రోజు సాయంత్రం తల్లి నా సంచి ముడి విప్పి, పత్తిని గుడ్డ మీద జారవిడిచింది. ఒక పిడికెడు తీసి అరచేతిలో పరిచి, వేలితో కదిపి కదిపి చూసింది. ఆకు ముక్క కోసం చూస్తోందని నాకు తెలుసు. కూతురు దగ్గరికి వచ్చి నిలబడింది. నా పీజీ వైవాలో కూడా నేను అంత భయపడలేదు. ఇంకో పిడికెడు కూడా తీసి చూసి, చేయి దులుపుకొని, కూతురు వైపు తిరిగింది.

"బట్టలు సదురుకో బిడ్డ, పొద్దుగాల బస్సుకు పోదురు. మేడం జర నేర్సుకున్నది. ఇగ నీకు చెప్పొచ్చు."